ఐదో తరగతి వాడికి కెరీర్ గోల్ ఏంటని ఫారం ఇచ్చారు, ఫౌండేషన్ బ్యాచ్‌లో వెయ్యాలా వద్దా?

నిజాంపేట్_మమ్మీ
మావాడు ఐదో తరగతి. నిజాంపేట రోడ్డులోనే ఒక ప్రైవేటు స్కూలు, పేరు చెప్పను. మొన్న పేరెంట్స్ మీటింగ్ అని పిలిచి చెప్పారు, ఆరో తరగతి నుంచి రెండు సెక్షన్లంట, ఒకటి ఐఐటీ-మెడికల్ ఫౌండేషన్, రెండోది రెగ్యులర్. ఫౌండేషన్‌కి మామూలు ఫీజు మీద ఇంకో నలభై ఐదు వేలు, సాయంత్రం ఐదున్నర దాకా క్లాసులు, ఆటల పీరియడ్ వారానికి ఒక్కటే. ఒక ఫారం కూడా చేతిలో పెట్టారు, అందులో "విద్యార్థి కెరీర్ గోల్" అని ఒక గడి, పక్కన ఇంజనీర్, డాక్టర్, సివిల్స్, ఇతరములు. మావాడు ఇతరములు దగ్గర టిక్కు కొట్టి జేసీబీ డ్రైవర్ అని రాశాడు. మా అపార్ట్‌మెంట్ వెనకాల సెల్లార్ తవ్వుతున్నారులెండి, బడి నుంచి రాగానే బాల్కనీలో నిలబడి అదే చూస్తుంటాడు. క్లాస్ టీచర్ అందరి ముందూ చదివి నవ్వింది, మిగతా పేరెంట్స్ కూడా నవ్వారు, నాకు తల కొట్టేసినట్టయింది, వాడేమో ఎందుకు నవ్వుతున్నారో తెలీక నా మొహం చూస్తున్నాడు. మావారు చేర్పించేద్దాం అంటారు. మా అత్తగారు "రెగ్యులర్ సెక్షన్ అంటే మొద్దుల సెక్షన్ అనేగా" అంటారు. వారంలో చెప్పాలంట. అసలు ఈ వయసు పిల్లలతో కెరీర్ గురించి ఏం మాట్లాడాలి? పెద్ద పిల్లలున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

చాయ్_ఉస్మానియా
జేసీబీ డ్రైవర్‌కి మన హైదరాబాద్‌ల ఉన్నంత డిమాండ్ ఇంకెక్కడ లేదక్కా. చెరువుల్ల కట్టిన ఇండ్లు కూలగొట్టే హైడ్రా ఉన్నన్ని రోజులు కొలువుకి ఢోకా లేదు.

బ్యాక్‌బెంచ్_రాజు
నేను ఆ ఫౌండేషన్ బ్యాచ్ ప్రోడక్టునే. ఆరు నుంచి పది దాకా వేశారు, తొమ్మిదికొచ్చేసరికి మ్యాథ్స్ బుక్ చూస్తే కడుపులో తిప్పేది. ఇంటర్ ఎంపీసీ, తర్వాత బీటెక్, అన్నీ అయ్యాక ఇప్పుడు పెళ్ళిళ్ళకి వీడియో ఎడిటింగ్ చేస్తున్నా, బాగానే ఉన్నా, సీజన్‌లో నిద్ర ఉండదు అంతే. ఎడిటింగ్ అనేది ఒక పని అని, దానికి డబ్బులిస్తారని నాకు డిగ్రీ అయ్యేదాకా ఎవ్వరూ చెప్పలేదు, అదీ నా కంప్లైంట్.

ర్యాంకర్_నాన్న
ఈ గ్రూపులో ఎవరైనా ఫౌండేషన్ అనగానే అందరూ కర్రలు పట్టుకుని లేస్తారు. మావాడు ఏడో తరగతి నుంచి చదివాడు, ఇప్పుడు ఖరగ్‌పూర్ ఐఐటీలో ఉన్నాడు, ఆడుకున్నాడు, సినిమాలు చూశాడు, వాడికేం కాలేదు. పదో తరగతి దాకా తీరిగ్గా ఉండి ఇంటర్‌లో ఒక్కసారిగా మోయలేనంత సిలబస్ నెత్తిన పడితే పిల్లలు ఎంత కుంగిపోతారో చూడని వాళ్ళు చెప్పే మాటలివి. ముందు నుంచి కొంచెం కొంచెం అలవాటైతే తేలిక. ఈ అమ్మగారు ఫీజు కట్టగలిగితే వెయ్యనివ్వండి.

బ్యాక్‌బెంచ్_రాజు
సార్ మీవాడికి వచ్చింది, సంతోషం. ఏటా పద్నాలుగు పదిహేను లక్షలమంది జేఈఈ మెయిన్ రాస్తున్నారు, అన్ని ఐఐటీలూ కలిపి బీటెక్ సీట్లు పద్దెనిమిది వేల దరిదాపుల్లో. మిగతా వాళ్ళ నాన్నలు గ్రూపుల్లో పోస్టులు పెట్టరు కదా.

లా_పాయింట్_లక్ష్మి
కేంద్రం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్ల మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది, పదహారేళ్ళు నిండని పిల్లల్ని, సెకండరీ పరీక్ష రాయని వాళ్ళని చేర్చుకోకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. కానీ అది రాష్ట్రాలకి పంపిన మార్గదర్శకం. పైగా స్కూలే తన టైంటేబుల్లో ఫౌండేషన్ అని పెట్టుకుంటే ఇది కోచింగ్ కాదు, మా కరిక్యులమే అంటారు. మీ స్కూలు వాళ్ళు కూడా అదే అంటారు చూడండి, అడిగితే.

నిజాంపేట్_మమ్మీ
అడిగాను. "వాల్యూ యాడెడ్ కరిక్యులమ్" అన్నారు.

చాయ్_ఉస్మానియా
వాల్యూ మనది, యాడ్ వాళ్ళది.

రిటైర్డ్_హెచ్చెమ్
ముప్పై ఏళ్ళు పైన గవర్నమెంట్ హైస్కూళ్ళలో పనిచేసినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటేయండి. బడిలో చదువుతో పాటు పని నేర్పాలన్న మాట మనకి కొత్తదేం కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీమ్ అన్నారు, నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం ఏదో ఒక పని చుట్టూ లెక్కలూ సైన్సూ చెప్పమన్నారు. 1964-66 కొఠారీ కమిషన్ దాన్నే వర్క్ ఎక్స్‌పీరియెన్స్ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని, అని పేరు పెట్టింది, నలభై దాటిన వాళ్ళందరికీ ఆ నాలుగక్షరాలు గుర్తుండే ఉంటాయి, ఊలుతో కుట్టిన గుడ్లగూబ, ఐస్‌క్రీం పుల్లలతో ఇల్లు, అది కూడా రాత్రి అమ్మ కూర్చుని చేస్తే పొద్దున మనం పట్టుకెళ్ళేది. ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం వచ్చి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గరకో తోటమాలి దగ్గరకో కుమ్మరి దగ్గరకో వెళ్ళి పని చూడాలి అంది. దానికి 2024లో మళ్ళీ గైడ్‌లైన్స్ పుస్తకం కూడా వేశారు. ప్రతిసారీ పేరు మారింది, ఆ పీరియడ్ మాత్రం ప్రతిసారీ లెక్కల సారే పట్టుకుపోయాడు. నేను హెడ్‌మాస్టర్‌గా ఉన్నప్పుడు నా బళ్ళోనూ అదే జరిగేది, పదో తరగతి రిజల్ట్ తగ్గితే డీఈఓ ఆఫీసు నుంచి మెమో వస్తుంది గానీ పిల్లాడికి సుత్తి పట్టడం రాలేదని ఎవరికీ మెమో రాలేదు ఈ రాష్ట్రంలో.
అమ్మా, మీ ప్రశ్నకి నాకు తోచింది. ఐదో తరగతి వాడిని ఏమవుతావు అని అడగడమే దండగ. వాడికి తెలిసిన ఉద్యోగాలు ఎన్ని, టీచరు, డాక్టరు, పోలీసు, బస్సు డ్రైవరు, ఇంతే కదా. ఆ లిస్టు పెంచడం వరకే మన పని. రోజూ వీధిలో ఎవరేం చేస్తున్నారో వాడితో మాట్లాడండి చాలు.

హెచ్ఆర్_అక్క
హెచ్చెమ్ సార్ చెప్పిన లిస్టు మాట వంద శాతం కరెక్ట్. మా గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలకి సమ్మర్‌లో ఒక సరదా సెషన్ పెట్టాను, మీ నాన్న ఏం పని చేస్తారు అంటే పదిమందిలో ఎనిమిదిమంది "కంప్యూటర్ ముందు కూర్చుంటారు", ఒకడు "మీటింగ్‌లో ఉంటారు, సైలెంట్‌గా ఉండమంటారు" అన్నాడు. గచ్చిబౌలిలో పుట్టి పెరిగిన పిల్లలకే సాఫ్ట్‌వేర్ అంటే ఏంటో తెలీదు, అయినా అందరూ అదే అవుతారంట. అదే బ్యాచ్ పన్నెండేళ్ళ తర్వాత నా ముందు ఇంటర్వ్యూకి కూర్చుంటుంది, టెస్టింగ్‌లో వేస్తే ఏం చేస్తావు నాన్నా అంటే బిత్తరచూపులు చూస్తారు.

గవర్నమెంట్_టీచరమ్మ
బ్యాగ్‌లెస్ డేస్ ఉత్త కాగితమే అని హెచ్చెమ్ సార్ అన్నారు గానీ కొన్నిచోట్ల జరుగుతున్నాయి సార్. మేము ఏడో తరగతి పిల్లల్ని లాడ్‌బజార్ వెనక గల్లీలో లక్క గాజులు చేసే చోటికి తీసుకెళ్ళాం. ఆ గాజులకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు, వచ్చింది కదా, ఆ పేపర్ కటింగ్ పట్టుకుని వెళ్ళాం. చిన్న గది, మధ్యలో బొగ్గుల కుంపటి, ఆయన లక్క ముద్దని సెగకి చూపించి మెత్తబడగానే బండ మీద తాడులా సాగదీసి, చల్లారకముందే మెటల్ గాజు చుట్టూ అంటించేస్తాడు. ఆలస్యమైతే విరుగుతుంది, తొందరపడితే చెయ్యి కాలుతుంది. ఆ తర్వాత ఆడవాళ్ళు కూర్చుని ఒక్కో రాయినీ సన్న పుల్లతో తీసి, వేడిగా ఉండగానే వరసగా గుచ్చుతారు, స్కేలు లేదు, కొలత లేదు, అయినా చివరి రాయి వచ్చి మొదటి రాయి పక్కనే సరిగ్గా ఆగుతుంది. మా పిల్లలు దాన్ని పట్టుకుని గాజు చుట్టుకొలతకి ఎన్ని రాళ్ళు పడతాయి అని వాళ్ళంతట వాళ్ళే లెక్కేశారు, నేను వారం రోజులు బోర్డు మీద చెప్పిన "పై" ఆ కుంపటి దగ్గర తలకెక్కింది. క్లాసులో నోరు విప్పని ఒకడు ఉన్నాడు, వాళ్ళమ్మ ఇంట్లో ఇదే పని చేస్తుందంట, ఆరోజు మొత్తం క్లాసుకి వాడే గైడు.
మర్నాడు ఇద్దరు పేరెంట్స్ వచ్చి బడి మానిపించి గాజుల దుకాణానికి తీసుకుపోతారా అని దెబ్బలాడారు, అదీ చెప్పాలి.

పాతబస్తీ_పోరి
టీచరమ్మా కోపం తెచ్చుకోకుండ్రి, ఒక మాట అంటా. నేను ఆ గల్లీలనే పెరిగిన. మా అమ్మ, మా ఫుప్పు (మేనత్త), మా ఫుప్పు బిడ్డలు, అందరం రాళ్ళు పెట్టినోళ్ళమే. మీరు ఒక పూట వచ్చి చూసి మస్తుగుంది కళ అని పోతరు. ఎండాకాలం ఆ కుంపటి ముందల పొద్దటి నుంచి కూసుంటే కండ్లు ఎట్ల మండుతయో, డజనుకి ఎంత చేతిలవడతదో మీ పిల్లలు లెక్కేసిన్రా? మేము ఆ పనిలకెళ్ళి బయటపడనీకనే చదువుకుంటున్నం. నేను డిగ్రీ బీకామ్ ఇప్పుడు. నాకు ఒకటే డౌటు, ఈ ఒకేషనల్, చేతి పని, స్కిల్ అనేటివన్నీ సర్కారు బడి పిల్లలకే ఎందుకు చెప్తరు? కార్పొరేట్ స్కూల్ల చదివేటోళ్ళకి ఐఐటీ, మాకేమో గాజులు, బ్యూటీపార్లర్, టైలరింగ్ ఆ?

గవర్నమెంట్_టీచరమ్మ
కోపమెందుకు తల్లీ. డజనుకి ఎంత అనేది పిల్లలు అడగలేదు, నేనూ అడగలేదు. ఈసారి వెళ్తే మొదటి ప్రశ్న అదే పెడతాను. మీరు చెప్పిన రెండోది ఇంకా పెద్ద విషయం. మా దగ్గర సమగ్ర శిక్ష పథకం కింద తొమ్మిది నుంచి ఒకేషనల్ ఉంది, ఎక్కువమంది పిల్లలు ఇంట్లో పని నుంచి తప్పించుకుని బడికి వస్తే బడిలో మళ్ళీ అదే పని కనిపిస్తుందని అనుకుంటారు. ఆ సబ్జెక్టు చెప్పే ట్రైనర్‌కి ఏజెన్సీ ద్వారా జీతం, అది ఎప్పుడు పడుతుందో ఆ అమ్మాయికే తెలీదు. పనికి విలువ ఉందని ఆ అమ్మాయి చేత పిల్లలకి చెప్పించడం, ఏం చెప్పమంటారు.

బాలానగర్_ఫిట్టర్
పాతబస్తీ చెల్లె అడిగింది సహీ సవాల్. కానీ చేతి పని అంటే గాజులు, టైలరింగ్ అంతే కాదు చెల్లె. నేను పదో తరగతి కాంగనే బాలానగర్ సీఐటీడీల టూల్ అండ్ డై డిప్లొమాల చేరిన, అంటె ఫ్యాక్టరీలకి కావాల్సిన పనిముట్లు, అచ్చులు తయారు చేసుడు. సెంట్రల్ గవర్నమెంట్‌ది, 1968 నుంచి ఉన్నది, ఎంట్రెన్స్ రాయాలె, నాలుగేండ్ల కోర్సు. మా దోస్తులంత ఎంపీసీకి పోతుంటే నేను అటు పోయిన. మా నాయిన నెల రోజులు నాతోని మాట్లాడలే.
అక్కడ ముందుగాల మిషన్ ముట్టనియ్యరు. ఒక ఇనుప ముక్క ఇచ్చి ఆకురాయి, అదే ఫైల్, చేతిల పెడతరు. ఆరు దిక్కులు చదరంగ రుద్దాలె. రుద్దినంక ట్రై స్క్వేర్, అదే మూలమట్టం, పెట్టి వెల్తురుకి ఎత్తి చూస్తరు, అంచు కింద సన్నటి గీతంత వెల్తురు కనవడితే మల్ల రుద్దు. చేతులు బొబ్బలెక్కినయ్. తర్వాత వెర్నియర్, అది 0.02 మిల్లీమీటర్ దాక చూస్తది, తర్వాత మైక్రోమీటర్, అది 0.01. ఇంటర్ పోరగాండ్లు వెర్నియర్ కొలతలు బట్టీ కొడతరు, మేము దాంతోని పొద్దుమూకు తిట్లు తిన్నం. ఇప్పుడు జీడిమెట్లల నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది, డై వర్క్, ఏడుగురు పిల్లగాండ్లు పని చేస్తరు. సీఎన్‌సీ, అంటె కంప్యూటర్‌తోని నడిచె మిషన్, దానికి ప్రోగ్రాం రాసెటోడు, కొలత సక్కగ చూసెటోడు కావాలంటె నెలలు నెలలు దొరుకుత లేరు. బీటెక్ మెకానికల్ పోరగాండ్లు వస్తరు, డ్రాయింగ్ చదవరాదు.
ఒకటే బాధ. నా బిడ్డ చదివే స్కూల్ల కెరీర్ డే పెట్టిన్రు, పేరెంట్స్‌ని రమ్మన్నరు, నేను పోయి చెప్తా అంటె మేడం "డాక్టర్స్, ఐటీ ప్రొఫెషనల్స్ ఆల్రెడీ కన్‌ఫర్మ్ అయిన్రు సార్" అన్నది.

హెచ్ఆర్_అక్క
ఛ. అన్నా మా కమ్యూనిటీ పిల్లల దగ్గరకి మీరు రండి, ఆ ఇనుప ముక్క, ఆకురాయి పట్టుకునే రండి. మెసేజ్ పెడుతున్నా.

ర్యాంకర్_నాన్న
అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఒక్క మాట. చిన్నప్పుడే దారి ఎంచుకోవడం తప్పంటున్నారు కదా, హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతికే పిల్లల్ని తీసుకుంటారు. సంగీతం ఐదేళ్ళకే మొదలెట్టిస్తారు. దాన్నెవరూ తప్పనరు. చదువు దగ్గరకి వచ్చేసరికే పిల్లల బాల్యం గుర్తొస్తుంది అందరికీ.

రిటైర్డ్_హెచ్చెమ్
మంచి పాయింటే. అయితే హకీంపేటలో ఎత్తు, బరువు చూసి, పరిగెత్తించి, దూకించి, పిల్లాడి ఒంట్లో ఆ సత్తా ఉందా లేదా అని మండల స్థాయి నుంచి టెస్టులు పెట్టి తీసుకుంటారు. అక్కడ కాళ్ళు చూస్తారు, ఈవిడ స్కూల్లో నలభై ఐదు వేలు చూస్తున్నారు. కట్టిన ప్రతివాడూ ఫౌండేషన్‌కి పనికొస్తాడంటే అది సెలెక్షన్ ఎట్లా అయింది?

ర్యాంకర్_నాన్న
సరే, అది ఒప్పుకుంటా. మావాడికి స్కూలు వాళ్ళు టెస్టు పెట్టే తీసుకున్నారు.

టెక్సాస్_బావ
ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా, గొప్పకి కాదు. ఎలిమెంటరీలో కెరీర్ డే అని ఫైర్ ఇంజన్ వస్తుంది, ప్లంబర్ వస్తాడు, పిల్లలకి హెల్మెట్ పెట్టి ఫోటో తీస్తారు, అంతే. టెక్సాస్‌లో 2013లో హౌస్ బిల్ 5 అని చట్టం వచ్చింది, దాని ప్రకారం తొమ్మిదో తరగతిలోకి వెళ్ళేటప్పుడు పిల్లాడు ఐదు దారుల్లో ఒకటి రాసివ్వాలి, సైన్సు-ఇంజనీరింగ్ వైపు, బిజినెస్-ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీస్, ఆర్ట్స్-హ్యుమానిటీస్, అన్నీ కలిపినది ఒకటి. తర్వాత మార్చుకోవచ్చు కూడా. మా అమ్మాయి హైస్కూల్లో వెటర్నరీ క్లాసు తీసుకుంది, డాక్టర్ అవుతుందని మేము మురిసిపోతుంటే ఒక సెమిస్టర్ కుక్కలకి స్నానం చేయించి గోళ్ళు కత్తిరించి, రక్తం చూసి, నాన్నా నాకిది వద్దు అంది. మార్కులు పోలేదు, లక్షలు పోలేదు. ఇప్పుడు అకౌంటింగ్ అంటోంది.
ఇక్కడున్న మనవాళ్ళ సంగతి మాత్రం అడక్కండి. ఆ ఐదు దారుల్లో మనకి కనిపించేది మొదటిదొక్కటే. కుమాన్ ట్యూషన్లు, రోబోటిక్స్, మ్యాథ్ కాంపిటీషన్లు, నిజాంపేట ఇక్కడ కూడా ఉంది.

చాయ్_ఉస్మానియా
నిజాంపేట విశ్వవ్యాప్తం బావా.

హెచ్ఆర్_అక్క
మా చెల్లెలు జర్మనీలో స్టట్‌గార్ట్‌లో ఉంటుంది. అక్కడ నాలుగో తరగతి అవ్వగానే, అంటే పదేళ్ళకే, టీచర్లు ఈ పిల్ల గిమ్నాజియంకి (యూనివర్సిటీ వైపు తీసుకెళ్ళే బడి) వెళ్ళాలా రియల్‌షూలేకి (ఎక్కువగా ఉద్యోగ శిక్షణ వైపు వెళ్ళే బడి) వెళ్ళాలా అని సిఫారసు చేస్తారు. జర్మనీ అప్రెంటిస్ పద్ధతి గురించి అందరూ పొగుడుతారు, కొన్ని రోజులు కంపెనీలో పని, కొన్ని రోజులు బడి, చేతికి జీతం కూడా, అది నిజంగా మంచిదే. కానీ ఆ పదేళ్ళ వయసు దగ్గర తల్లిదండ్రులు అక్కడా మనలాగే నిద్రపోరు.

అడ్మిన్_కాకా
మధ్యలో ఫోన్ నంబర్ పెట్టి "ఒకటో తరగతి నుంచి నీట్" అని యాడ్ వేసినాయన పోస్టు తీసేశాను. ఒకటో తరగతి నుంచి నీట్ ఏంది సామీ. మల్ల వేస్తే బ్లాక్.

చాయ్_ఉస్మానియా
కాకా నర్సరీ బ్యాచ్‌ల డిస్కౌంట్ ఉందేమో అడగకపోయినవ్.

నిజాంపేట్_మమ్మీ
అన్నీ చదివాను, చాలా థ్యాంక్స్. మావారికి కూడా చదివి వినిపించాను, ఫిట్టర్ అన్న పోస్టు దగ్గర మాత్రం ఫోన్ తీసుకుని ఆయనే మళ్ళీ చదువుకున్నారు. ఆదివారం ఒక పని చేశాం. వాచ్‌మన్‌తో చెప్పించి వెనకాల జేసీబీ ఆపరేటర్‌తో మావాణ్ణి మాట్లాడించాం. పాలమూరు వైపు అతను. ముందు క్లీనర్‌గా చేరి, నేర్చుకుని, లైసెన్సు తీసుకున్నాడంట. మావాడు అడిగిన ప్రశ్నలకి నాకే ఆశ్చర్యం, తవ్వేటప్పుడు సీటు వెనక్కి ఎందుకు తిప్పుతావు, ఆ రెండు కాళ్ళు నేలకి ఎందుకు ఆనిస్తావు, ఆనించకపోతే పడిపోతుందా అని. అతను ఇంజన్ ఆపి ఓపిగ్గా చెప్పాడు, కింద మంజీరా నీళ్ళ పైపుందో కరెంటు కేబుల్ ఉందో తెలీకుండా బకెట్ దించితే కొంపలు మునుగుతాయి, చేత్తో పట్టిన లివర్ అదురుని బట్టి మట్టా రాయా తెలుస్తుంది అన్నాడు. ఇంటికొచ్చి మావాడు, అమ్మా ఆ కాళ్ళు నూనెతో ఎలా దిగుతాయి అని పట్టుకున్నాడు, యూట్యూబ్‌లో హైడ్రాలిక్స్ వీడియో పెట్టాం, రెండు సిరంజిలు, సెలైన్ గొట్టం తెప్పించుకుని నీళ్ళు పోసి హాలంతా తడిపాడు.
సెక్షన్ సంగతి, రెగ్యులరే అని చెప్పేశాం. మా అత్తగారు ఇంకా మాట్లాడట్లేదు. నాకు మిగిలిన భయం ఒక్కటే, రేపు పదో తరగతి తర్వాత వీడికి దార్లు మూసుకుపోవు కదా?

బాలానగర్_ఫిట్టర్
ఆ సిరంజిల పోరన్ని నా దగ్గరికి పంపుండ్రి అక్కా, ఎండాకాలం సెలవులల్ల.

గవర్నమెంట్_టీచరమ్మ
మూసుకుపోవడం ఏంటండీ, పదో తరగతి తర్వాతే అసలు దార్లు విడిపోతాయి, చాలామందికి తెలియక ఎంపీసీ, బైపీసీ రెండే అనుకుంటారు. పాలీసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా, అది అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్ళొచ్చు. బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి మార్కులే, ఆరేళ్ళ కోర్సు. చర్లపల్లిలో సిపెట్ ఉంది, ప్లాస్టిక్స్ డిప్లొమాలకి. ఐటీఐ అంటే మొహం చిట్లిస్తారు గానీ రెండేళ్ళ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చేసి అప్రెంటిస్‌కి వెళ్ళినవాళ్ళు, ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరినవాళ్ళు నా పాత స్టూడెంట్లలో ఉన్నారు. మన రాష్ట్రంలో 2024లో 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టారు, మల్లేపల్లి ఐటీఐలోనే శంకుస్థాపన చేశారు. ఇంటర్ ఒకేషనల్ తీసుకున్న పిల్లలు కూడా బ్రిడ్జి కోర్సు రాస్తే పై చదువులకి వెళ్ళొచ్చు, ఈ మాట కాలేజీల్లో ఎవరూ చెప్పరు, పిల్ల రెండేళ్ళు అయ్యాక ఏడుస్తూ వస్తుంది.
ఇంకోటి, ఎనిమిదో తరగతిలో సర్కారు బడి, ఎయిడెడ్ బడి పిల్లలకి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. పాసై సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. తల్లిదండ్రుల ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మీ ఇంట్లో పనిచేసే వాళ్ళ పిల్లలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాతబస్తీ_పోరి
ఆ ఎన్‌ఎంఎంఎస్ నేను రాసిన, వచ్చింది. ఇంటర్ ఫీజు దాంతోనే కట్టిన. మా క్లాసుల ముగ్గురమే రాసినం, మిగిలినోళ్ళకి ఫారం తెలుగు మీడియం సార్ ఇయ్యనేలేదు.
ఫిట్టర్ అన్నా, మీ వర్క్‌షాప్‌ల అకౌంట్స్ ఎవరు చూస్తున్నరు? ఉత్తగనే అడుగుతున్న.

బాలానగర్_ఫిట్టర్
ఎవరు చూస్తలేరు చెల్లె, అదే లొల్లి. జీఎస్టీ నోటీసు వస్తె బెదిరిపోతున్న. టాలీ సాఫ్ట్‌వేర్ వస్తె మెసేజ్ వెట్టు.

చాయ్_ఉస్మానియా
కెరీర్ గైడెన్స్ అంటే ఇది. నలభై ఐదు వేలు ఫీజు లేదు.

ర్యాంకర్_నాన్న
మమ్మీగారూ, సెక్షన్ ఏదైనా మ్యాథ్స్ మాత్రం వదలనివ్వకండి. హైడ్రాలిక్స్‌కైనా రేపు అదే కావాలి. ఇది మాత్రం నా అనుభవం, ఎవరూ కర్రలు తియ్యొద్దు.

బ్యాక్‌బెంచ్_రాజు
తియ్యట్లేదు సార్, ఇది కరెక్టే.

అత్తాపూర్_వాసి
టాపిక్ కొంచెం పక్కకి. మా అమ్మాయి తొమ్మిది. పొద్దస్తమానం బొమ్మలే, రఫ్ నోట్ బుక్కులన్నీ మొహాలే. ఇంటర్‌లో ఏ గ్రూప్ ఇప్పించాలి, డ్రాయింగ్‌కి ఎంపీసీ లేకపోతే సీట్లు రావని మా బంధువొకాయన భయపెట్టాడు. నిజమేనా?

రిటైర్డ్_హెచ్చెమ్
ఆ బంధువు ఆర్కిటెక్చర్ గురించి విని చెప్పి ఉంటారు, దానికి లెక్కలు కావాలి. మాసబ్‌ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ, అంటే పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, శిల్పం వగైరాలకి ఏ గ్రూప్ అయినా పర్లేదు, వాళ్ళదే ఫాడీ అని ప్రత్యేక ఎంట్రెన్స్ ఉంది, అందులో బొమ్మ గీయించి చూస్తారు. మాదాపూర్ నిఫ్ట్, అంటే ఫ్యాషన్ కాలేజీలో డిజైన్ కోర్సులకీ ఏ గ్రూప్ అయినా సరే, టెక్నాలజీ వైపు వెళ్తేనే లెక్కలు అడుగుతారు. అమ్మాయిని ఒకసారి మాసబ్‌ట్యాంక్ తీసుకెళ్ళి క్యాంపస్‌లో తిప్పండి, ఏటా స్టూడెంట్ల బొమ్మలు ఎగ్జిబిషన్ పెడతారు.

అత్తాపూర్_వాసి
ఫాడీ పేరే వినలేదు సార్ ఇన్నాళ్ళూ. రఫ్ నోట్ బుక్కులు దాచాలా?

బ్యాక్‌బెంచ్_రాజు
దాచండి, తేదీలు వేసి దాచండి. డిజైన్ కాలేజీల్లో కొన్నిచోట్ల ఇంటర్వ్యూలో నువ్వు చేసిన పనులు తీసుకురా అంటారు. అన్నట్టు యానిమేషన్ వైపు ఇంట్రెస్ట్ ఉంటే చెప్పండి, మా స్టూడియో పక్కనే ఇద్దరు చేస్తారు, శనివారం ఖాళీగానే ఉంటారు, వచ్చి చూసుకోమనండి.